సైకిలు బాట ఎవరిది?

హాలెండు దేశంలో జనం సైకిళ్ళ మీద తిరుగుతారన్న సంగతి మన పట్టణాల ఇంజనీర్లకు తెలియనిది కాదు. కాని ఆ మాట ఎత్తగానే వారు రెండు సమాధానాలు చెబుతారు. ఆ నేల చదునైనది, అక్కడ ఎండ వుండదు అనేది మొదటిది. సైకిలు వారి సంస్కృతిలోనే వుంది, మనకా సంస్కృతి లేదు అనేది రెండవది. కృష్ణా గోదావరి డెల్టాలకంటె చదునైన నేల ఎక్కడ వుందో వారు చెప్పరు. ఎండ మాట నిజమే. అయితే రోడ్లను వెడల్పు చేసే పేరుతో దారి పొడుగునా వున్న చింతచెట్లనూ మర్రిచెట్లనూ కొట్టించినవారే ఎండను సాకుగా చూపడం వింతగా వుంటుంది. ఇక సంస్కృతి అనే వాదం. ఒక ఏర్పాటును మార్చడం ఇష్టం లేనివారు దానికి సంస్కృతి అని పేరు పెట్టడం మనం అనేక రంగాల్లో చూసిందే.

చరిత్ర ఈ వాదాన్ని బలపరచదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం పాతికేళ్ళపాటు డచ్చివారి పట్టణాలలో కూడా సైకిలు వెనక్కి పోయింది. మోటారు ముందుకు వచ్చింది. కాలవలు పూడ్చి రోడ్లు వేయాలన్న పథకాలు అక్కడా పుట్టాయి. ఆ దారి మళ్ళిందంటే అందుకు నేల చదునుతనం గాని, జాతి స్వభావం గాని కారణం కాదు. అది ఒక ప్రజాపోరాట ఫలితం. అంతేకాదు, సైకిలు బాట అనేది తనంతట తాను అభ్యుదయకరమైన వస్తువూ కాదు. దాన్ని ఎవరు అడిగారు, ఎవరి సౌకర్యం కోసం గీశారు అనేదాన్ని బట్టి దాని వెడల్పు, దాని మలుపు, కూడలి దగ్గర దాని గతి మారిపోతాయి. నేనీ వ్యాసంలో నిరూపించదలచింది ఇదే.

1885లో ఇంగ్లండులోని కవెంట్రీలో స్టార్లీ అనే తయారీదారు, రెండు దాదాపు సమానమైన చక్రాలతో, వెనక చక్రానికి గొలుసుతో, నేటి సైకిలుకు మాతృక అనదగిన యంత్రాన్ని అమ్మకానికి పెట్టాడు. తొలి రోజులలో అది మధ్యతరగతి పైమెట్టువారి విలాస వస్తువు. ఉత్పత్తి పెరిగి, ధర తగ్గి, చేతులు మారిన పాత సైకిళ్ళు బజారులోకి వచ్చిన తర్వాతనే కార్మికుని చేతికి అందింది. అందిన వెంటనే దానికి రాజకీయ స్వభావం కూడా వచ్చింది. 1894లో బర్మింగ్‌హాములో సోషలిస్టు యువకులు క్లారియన్ సైకిలు క్లబ్బును పెట్టారు. సైకిళ్ళ మీద ఊరూరా తిరిగి పత్రికలు పంచారు. 1896లో జర్మనీలో 'సాలిడారిటేట్' అనే కార్మిక సైకిలు సంఘం పుట్టింది. తర్వాతి కాలంలో దానికి లక్షలాది సభ్యులు చేరారు; సొంత సైకిలు కర్మాగారం కూడా నడిచింది. 1933లో నాజీలు అధికారంలోకి రాగానే దాన్ని నిషేధించారు.

సరిగా ఈ కాలంలోనే ప్రత్యేక సైకిలు బాటల ఆలోచన బలపడింది. ఇది సైకిలు తొక్కేవారి కోరికగా పుట్టిందని పాఠకులు అనుకోవచ్చు. కాని జర్మనీలో 1927లో సైకిలు బాటల నిర్మాణానికి నియమాలు రూపొందించింది, మోటారు రోడ్ల నిర్మాణం కోసం ఏర్పడిన అధ్యయన సంఘం! కర్మాగారాల గేట్లు తెరిచినప్పుడు రోడ్డు నిండా పారే సైకిళ్ళ ప్రవాహం మోటారుకు అడ్డుగా కనిపించింది. ఆ అడ్డును పక్కకు తోయాలి. పక్కకు తోయడానికి ఒక సన్నని బాట కావాలి. 1934లో నాజీ ప్రభుత్వం తెచ్చిన రోడ్డు చట్టం ఈ తర్కాన్ని పూర్తి చేసింది: బాట వున్నచోట సైకిలు రోడ్డెక్కరాదు.

అదే సంవత్సరం డిసెంబరులో ఇంగ్లండులో రవాణా మంత్రి హోర్-బెలీషా లండను పడమటి పొలిమేరలోని వెస్టర్న్ ఎవెన్యూ మీద అక్కడి మొదటి సైకిలు బాటను ప్రారంభించాడు. రెండున్నర మైళ్ళ పొడవు, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు. ఆ ఏడు బ్రిటనులో రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. అంత మరణకాండ జరుగుతున్నా సైకిలుదారుల సంఘాలు ఆ బాటను వ్యతిరేకించాయి. మన కాలపు వ్యాఖ్యాతలు కొందరు దీన్ని మూర్ఖత్వం కింద జమకడతారు. నేనంగీకరించను. చంపుతున్నది మోటారు, రోడ్డు మీది నుంచి తప్పుకోవలసింది మాత్రం సైకిలు! ఈ న్యాయాన్ని వారు సరిగానే గుర్తించారు. అయితే ఆ గుర్తింపును దాటి, మంచి బాట ఎలా వుండాలో చెప్పి దానికోసం పోరాడే స్థితికి వారు రాలేదు. ఆ పని జరగడానికి మరి నాలుగు దశాబ్దాలు పట్టింది.

హాలెండులో కథ ఇంకొక విధంగా నడిచింది. 1924లో అక్కడి ప్రభుత్వం సైకిలు మీద పన్ను వేసింది. పన్ను కట్టినవాడు ఒక లోహపు బిళ్ళ కొని బండికి తగిలించుకోవాలి. మోటారు ఇంకా కొద్దిమంది సొత్తుగా వున్న ఆ దేశంలో, లక్షలాది సైకిళ్ళ నుంచి పిండిన ఈ డబ్బు రోడ్ల నిధికి పోయింది. ఆ నిధితో మోటారుకు అనువైన రహదారులు తయారయ్యాయి. వాటి పక్కనే అక్కడక్కడా సైకిలు బాటలు కూడా వేశారన్నది నిజమే. కాని పన్ను చరిత్రలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా కలచివేసింది ఆ బిళ్ళలోని రంధ్రం. నిరుపేదలకూ నిరుద్యోగులకూ బిళ్ళ ఉచితంగా ఇచ్చారు. కాని ఆ బిళ్ళకు మధ్యన ఒక రంధ్రం పొడిచి ఇచ్చారు. వీధిలో ఎదురుపడ్డ ప్రతివాడికీ ఫలానావాడు ధర్మం మీద బతుకుతున్నాడని తెలియాలన్నమాట. 1941లో జర్మను ఆక్రమణ కాలంలో ఆ పన్ను రద్దయింది.

మన పురపాలక సంఘాలు కూడా ఒకప్పుడు సైకిలుకు పన్ను కట్టించుకొని బిళ్ళ ఇచ్చేవి. పాత తరం ఉపాధ్యాయులకు ఆ బిళ్ళ జ్ఞాపకం వుండే వుంటుంది. డైనమో దీపం వెలగలేదనీ, వెనక ఇంకొకణ్ణి ఎక్కించుకొన్నాడనీ జరిమానా కట్టినవారు కూడా వుంటారు. సైకిలుదారు నుంచి పన్నూ వచ్చింది, జరిమానా వచ్చింది. సైకిలుదారుకు రోడ్డు మీద ఒక గజం చోటు రాలేదు.

యుద్ధానంతర కాలానికి వద్దాం. అమెరికను సాయం, పెట్రోలు, పెరుగుతున్న జీతాలు కలిసి 1950-70 మధ్య డచ్చి సమాజాన్ని మోటారు మయం చేశాయి. 1967లో జోకినెన్ అనే అమెరికను, మోటారు రోడ్ల ప్రచార సంస్థ ఒకదాని తరఫున ఆంస్టర్‌డాము నగరానికి ఒక పథకం రాశాడు. ఒక పాత కాలవను పూడ్చి దానిమీద వెడల్పాటి రహదారి. 'డె పైప్' అనే కార్మిక పేటలో అధిక భాగం నేలమట్టం. పథకం అమలు కాలేదు గాని, ఏ పేటను కూల్చదగినదిగా అతను ఎంచుకున్నాడో చూడండి. మోటారు ఏ దేశంలోనైనా తన దారిని ముందుగా పేదల ఇళ్ళ మధ్యనుంచే వెతుక్కుంటుంది.

దీనికి తొలి ధిక్కారం 'ప్రోవో' అనే యువకుల బృందం నుంచి వచ్చింది. 1965లో వారు తెల్ల రంగు వేసిన సైకిళ్ళను తాళం లేకుండా వీధిలో వదిలారు. ఎవరికి కావలసినా ఎక్కవచ్చు, దిగినచోట వదలవచ్చు. తాళం వేయకుండా వదలడం చట్టవిరుద్ధమని పోలీసులు వాటిని పట్టుకుపోయారు. చమత్కారంగానే వుంది, సొంత ఆస్తి మీద విసురు కూడా వుంది. అయినా అది ఇంకా కొద్దిమంది చేసిన వీధి నాటకమే. జనం కదిలింది మరొక కారణం చేత.

1971లో, కోటీ ముప్పై లక్షల జనాభా వున్న ఆ చిన్న దేశంలో, రోడ్ల మీద మూడు వేలకు పైగా చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. ఆ పిల్లలలో ఒకరి తండ్రి, లాంగెన్‌హాఫ్ అనే పత్రికా రచయిత, 1972లో తన పత్రికలో ఒక వ్యాసం రాశాడు. 'పిల్లల హత్యను ఆపండి' అన్నది శీర్షిక. ఆ శీర్షికే ఉద్యమం పేరయింది. ఇక్కడ భాషను గమనించాలి. అంతవరకు పత్రికలూ ప్రభుత్వమూ 'ప్రమాదం' అంటున్నాయి. ప్రమాదం అంటే దైవికం, ఎవరికీ బాధ్యత లేనిది. హత్య అన్నప్పుడు హంతకుడెవడు అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న డ్రైవరు దగ్గర ఆగక, ఆ రోడ్డును అలా గీసిన కార్యాలయం దాకా పోతుంది.

ఉద్యమానికి తొలి అధ్యక్షురాలు మార్త్యా వాన్ పుటెన్ అప్పటికి యువతి. తల్లులూ, టీచర్లూ, పిల్లలూ వీధులను అడ్డగించి అక్కడ ఆటలు ఆడించారు. ప్రధాని డెన్ ఊల్ ఇంటికి సైకిళ్ళ మీద పోయి పాటలు పాడారు. ఆయన బయటికి వచ్చి విన్నాడు. డెన్ ఊల్ లేబరు పార్టీవాడు. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు సరఫరా ఆపినప్పుడు ఆయన ప్రభుత్వం నవంబరు 4 మొదలు ఆదివారాలు మోటార్లను నిషేధించింది. మోటార్లు లేని వీధి ఎలా వుంటుందో జనం కళ్ళారా చూశారు. చమురు సంకటం ఐరోపా అంతటా వచ్చింది. మార్పు మాత్రం అంతటా రాలేదు. సంకటం వచ్చేనాటికి హాలెండులో ఉద్యమం తయారుగా వుంది. వస్తుగత పరిస్థితికీ ప్రజల సంసిద్ధతకూ వున్న సంబంధం విద్యార్థి మిత్రులకు నేను వివరించనక్కర లేదు.

1975లో సైకిలుదారుల కొత్త సంఘం ఏర్పడింది. తమది 'అసలైన' సంఘమని వారు పేరులోనే పెట్టుకున్నారు. 1883లో సైకిలుదారుల సంఘంగానే పుట్టి క్రమంగా మోటారు యజమానుల సంస్థగా మారిపోయిన పాత సంఘం మీద అది ఎత్తిపొడుపు. పాత సంఘం ఊరుకోలేదు. అభ్యంతరం చెప్పి పేరు కొంత మార్పించింది. సంస్థలు పుట్టుకతో ఏ వర్గానివైనా, ఎదిగే క్రమంలో ఎవరి చేతికి పోతాయో చెప్పడానికి ఇంతకంటె మంచి దృష్టాంతం నాకు కనబడలేదు.

ఇక నిర్మాణం. ప్రభుత్వం ముందుగా హేగు, టిల్‌బర్గు పట్టణాలలో ఒక్కొక్క మంచి బాటను నమూనాగా వేయించింది. హేగులో అంగళ్ళవారు, మోటార్లు ఆగకపోతే బేరాలు పడిపోతాయని గట్టిగా ఎదిరించారు. బాటలు బాగున్నాయి, పక్క వీధులలో తొక్కేవారు వచ్చి వాటి మీద చేరారు. కాని పట్టణం మొత్తం మీద సైకిలు పెద్దగా పెరగలేదు. దీని నుంచి తీసిన పాఠం విలువైనది. ఇంటి నుంచి బడిదాకా వున్న దారిలో ఒక మైలు సురక్షితంగా, మిగిలిన అర మైలు ప్రాణాంతకంగా వుంటే తల్లి పిల్లను పంపదు. గొలుసు బలం దాని బలహీనమైన కొక్కెంలో వుంది.

అందుచేత 1979లో డెల్ఫ్టు పట్టణం ఒక బాటకు కాక, పట్టణమంతటికీ ఒక వలకు పథకం వేసింది. ఆ వల మూడు అంతస్తులది. పట్టణాన్ని అడ్డంగా నిలువుగా కోసే పెద్ద దారులు సుమారు 500 మీటర్లకు ఒకటి. పేటలను కలిపేవి 200-300 మీటర్లకు ఒకటి. పేట లోపల పిల్లలు బడికీ బజారుకూ పోయేవి 100-150 మీటర్లకు ఒకటి. పెద్ద దారికి రైలు కట్ట, కాలవ అడ్డం వస్తే వంతెన గాని సొరంగం గాని కట్టాలి. చిన్న దారికి ఖర్చు దాదాపు లేదు. వీధిలో మోటారు వేగం తగ్గిస్తే చాలు.

వేగం మాట వచ్చింది గనక ఆగి చెబుతాను, ఎందుకంటే ఈ శాస్త్రమంతా ఇక్కడే వుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారుకంటె 50తో పోయేదానికి గుద్దే శక్తి దాదాపు మూడింతలు. భౌతిక శాస్త్రం చదివిన ఏ ఇంటర్మీడియెటు విద్యార్థి అయినా లెక్క కట్టగలడు. కనుక బరువులోనూ వేగంలోనూ పెద్ద తేడా వున్న వాహనాలను ఒకే దారి మీద కలపరాదు. కలపక తప్పనిచోట వేగం తగ్గించాలి. వేగం తగ్గించలేనిచోట గట్టు కట్టి విడదీయాలి. తెల్లగీత గట్టు కాదు. సున్నపు గీత లారీని ఆపదు.

మరణాలు ఎక్కువగా జరిగేది కూడలిలో. 1930ల నాటి బాటలు కూడలికి రాగానే మాయమయ్యేవి. అవసరమైనచోటే సైకిలుదారుని నడివీధిలో వదిలేసేవి. ఆ బాట వేసినవాడి ఉద్దేశం మోటారుకు దారి ఖాళీ చేయడం గనక, కూడలిలో అతనికి పని లేదు. డచ్చి ఇంజనీర్లు చేసింది ఇది: కూడలి మూలలో చిన్న దిమ్మె కట్టి, సైకిలు బాటను రోడ్డు అంచు నుంచి నాలుగైదు మీటర్లు లోపలికి వంచారు. పక్కకు తిరిగే మోటారు ఆ దిమ్మె చుట్టూ నెమ్మదిగా తిరగక తప్పదు. తిరిగాక సైకిలు దాని డ్రైవరుకు ఎదురుగా కనబడుతుంది, వీపు పక్కన కాదు. ఆగడానికి ఒక మోటారు పట్టేంత చోటు కూడా మిగులుతుంది. ఎవరినీ బతిమాలనక్కర లేదు, హితబోధలు చేయనక్కర లేదు. రాయీ సిమెంటూ ఆ పని చేస్తాయి.

వెడల్పు కూడా రాజకీయమే. ఒక్క సైకిలు ఊగిసలాటతో కలిపి ఒక మీటరు తీసుకుంటుంది. ఒకరి వెనక ఒకరు పోవడానికి ఒక మీటరు చాలునన్నది మోటారువాడి లెక్క. తల్లి బిడ్డ పక్కన తొక్కాలి, ఇద్దరు స్నేహితులు మాట్లాడుకుంటూ పోవాలి అనుకుంటే కనీసం రెండు మీటర్లు కావాలి. మన దేశంలో పాలక్యానులూ గ్యాసుబండలూ కట్టుకొని పోయేవారినీ, మూడు చక్రాల బండ్లనూ లెక్కలోకి తీసుకుంటే అదీ చాలదు. 2023లో హాలెండులో రోడ్ల మీద చనిపోయినవారు 684 మంది. వారిలో 270 మంది సైకిలుదారులే గనక అక్కడ పని అయిపోయిందని నేననను. అయినా 1971 అంకె పక్కన ఈ అంకె పెట్టి చూడవలసిందే.

మన దేశానికి వస్తే, నియమాలు లేకపోవడం మన జబ్బు కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు 1962లోనే సైకిలు బాటలకు ప్రమాణాలు అచ్చువేసింది. 2015లో వాటిని సవరించింది. 1962 ప్రమాణం ప్రకారం గంటకు 200 మోటార్లు దాటిన రోడ్డు మీద, రద్దీ వేళ గంటకు 100 సైకిళ్ళు వున్నా ప్రత్యేక బాట వేయడం సమంజసమే. ఆ నియమం అమలు జరిగివుంటే మన జిల్లా కేంద్రాలలో పెద్ద బజార్లన్నిటికీ బాటలు వచ్చి వుండేవి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 45 కుటుంబాలకు సైకిలు వుంది. అంతమంది సొత్తు అయిన వాహనానికి చోటు లేదు. సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద పోవడాన్ని మనం నిరాడంబరతకు గుర్తుగా చెప్పుకుంటాం. సైకిలు ఎన్నికల గుర్తు కూడా అయింది. కాని రోడ్డు మీద సైకిలుకు ఎన్ని అడుగులు అన్నది ఏ పార్టీ ప్రణాళికలోనూ ప్రధాన ప్రశ్న కాలేదు. కూలి రేటు మీద సమ్మె చేసిన సంఘాలు, కూలికి పోయే దారి మీద చేయలేదు.

ఢిల్లీ అనుభవం ఈ సందర్భంలో తలచుకోవాలి. 2008లో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు సుమారు ఆరు కిలోమీటర్ల రోడ్డు మీద బస్సుకు వేరు దారి, సైకిలుకు వేరు బాట, నడిచేవారికి కాలిబాట ఏర్పరచారు. లోపాలున్నాయి, మోటారుసైకిళ్ళు సైకిలు బాట ఎక్కేవి, కూడళ్ళ దగ్గర ఆలస్యం జరిగేది. కాని దాన్ని చంపింది ఆ లోపాలు కాదు. కార్లవారు కోర్టుకు పోయారు. కార్లలో తిరిగేవారు సంపద సృష్టికర్తలు గనక వారి కాలం విలువైనదన్న ధోరణి వాదం కూడా వినబడింది. 2012లో హైకోర్టు ఆ పిటిషనును కొట్టివేసింది. కోర్టులో ఓడిన వాదం సెక్రటేరియటులో గెలిచింది. 2016లో ఆ దారిని పెరికివేశారు. దాన్ని కాపాడడానికి బస్సు ప్రయాణికులూ సైకిలుదారులూ వీధిలోకి రాలేదు, ఎందుకంటే వేసేటప్పుడు కూడా ఎవరూ వారిని పిలవలేదు. నిపుణులు గీసి ఇచ్చిన మంచి పటానికి కాపలా వుండే జనం లేకపోతే ఇదే జరుగుతుంది. కలకత్తాలో మరొక అడుగు ముందుకు వేశారు: 2013లో 174 రోడ్ల మీద సైకిలునే నిషేధించారు. పాలవాళ్ళూ పేపరు కుర్రాళ్ళూ జరిమానాలు కట్టారు.

హైదరాబాదులో 2023 అక్టోబరు 1న అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైంది. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సౌరఫలకాల కప్పు, దాని నుంచి 16 మెగావాట్ల విద్యుత్తు. ఎండ సాకు చెప్పేవారికి ఇది మంచి జవాబు. వస్తువుగా చూస్తే దానిలో తప్పు పట్టవలసింది తక్కువ. అయితే అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరుల మీదుగా వేగరహదారిని అంటిపెట్టుకొని పోతుంది. తెల్లవారుజామున వ్యాయామానికి వచ్చేవారికి అది వుద్యానవనం లాంటిది. ఆ చుట్టుపక్కల అంతస్తులు కడుతున్న కూలీ, రాత్రి కాపలాకు పోయే వాచ్‌మను తమ గుడిసె నుంచి పనిచోటికి పోయే దారి అది కాదు. హేగు నమూనా బాట నేర్పిన పాఠం 1970లలోనే వుంది: వల లేని బాట విహారానికి పనికివస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది నగరం కాదు. బీహారులో 2006లో బాలికలకు సైకిళ్ళు ఇచ్చిన తర్వాత ఉన్నత పాఠశాలలో చేరిన ఆడపిల్లల సంఖ్య దాదాపు మూడో వంతు పెరిగిందని ఆర్థిక శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో 'బడికొస్తా' పేరుతో బాలికలకు సైకిళ్ళు పంచారు. చాలా మంచి పని. అయితే సైకిలు ఇచ్చిన శాఖ వేరు, రోడ్డు వేసిన శాఖ వేరు. ఊరికీ బడికీ మధ్య నాలుగు వరుసల జాతీయ రహదారి పడింది. నడిమి గట్టుకు సందు కిలోమీటరు అవతల పెట్టారు. మోటారుకు కిలోమీటరు ఒక నిమిషం. పుస్తకాల సంచీతో తొక్కే పదమూడేళ్ళ పిల్లకు పోను రాను రెండు కిలోమీటర్ల కండబలం. కనుక ఆ పిల్ల ఎదురు దిక్కున, తారు అంచున, లారీలకు ఎదురుగా పోతుంది. నిబంధన తెలియక కాదు. గీసినవాడి లెక్కలో ఆమె లేదు గనక.

ఉపాధ్యాయ మిత్రులు ఒక పని చేయవచ్చు. బడి వదిలిన తర్వాత గేటు దగ్గర నిలబడి గంటసేపు సైకిళ్ళు లెక్కపెట్టాలి. ఇద్దరు విద్యార్థులను రహదారి పక్కన నిలబెట్టి అదే గంటలో పోయిన మోటార్లను రాయించాలి. వారం రోజులు అలా రాయాలి. పిల్లలు ఎక్కడెక్కడ దాటుతున్నారో పటం మీద చుక్కలు పెట్టించాలి. దాటవలసిన సందో, కింది దారో ఎక్కడ కావాలో ఆ చుక్కలే చెబుతాయి. ఆ కాగితాన్ని తల్లుల సంతకాలతో రహదారుల కార్యాలయానికి తీసుకుపోయి, 100 సైకిళ్ళకూ 200 మోటార్లకూ 1962లో తామే రాసుకున్న నియమాన్ని పక్కన పెట్టి, ఈ రోడ్డు దాని కిందికి ఎందుకు రాదో రాతపూర్వకంగా చెప్పమనాలి.